పిన్నిగారి ఇంటి బ్యాటరీ

నాకు తెలుగు అక్షరాలు వచ్చింది బ్యాటరీ డబ్బాల మీద. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. ఎక్కడ ఏమవుతుందోనన్న భయంతో మా నాన్నగారు నన్ను బడికి పంపలేదు. ఏలూరులో మా ఇంటి ముందుగదే ఆయన బ్యాటరీ షాపు. చార్జింగుకు వచ్చిన నల్ల డబ్బాల పక్కల మీద సుద్దముక్కతో అ, ఆ రాసి నన్ను దిద్దమనేవారు. సాయంత్రం బ్యాటరీ తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు, "ఇదేంటండీ, మా లారీకి అక్షరాభ్యాసం చేసేశారా?" అని నవ్వేవారు. ఖురాన్ చదవడం, లెక్కలు, చేతి మీద యాసిడ్ పడితే ముందు ఏం చేయాలన్నదీ అన్నీ ఆ గదిలోనే ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఎవరైనా "ఎంతవరకు చదువుకున్నావమ్మా?" అంటే ఇప్పటికీ వెంటనే జవాబు రాదు. చదువు చెప్పే మనిషిని ఇంట్లోనే ఇచ్చాడు దేవుడు, అది నా భాగ్యం.

ఆయన పదే పదే చెప్పిన మాట ఒకటుంది. "దీపాన్ని నమ్మకమ్మా, నీళ్ళని నమ్ము." చార్జరు మీద వెలిగే లైటు చూసి బ్యాటరీ నిండిందనుకోవద్దని దానర్థం. మూత తీసి, గాజుగొట్టంతో లోపలి నీళ్ళు కాస్త పైకి పీల్చి చూడాలి. ఆ గొట్టంలో సన్నటి బుడ్డిలాంటిది ఒకటి ఉంటుంది. బ్యాటరీ నిండితే అది పైకి తేలుతుంది, ఖాళీ అయితే కిందికి మునుగుతుంది. ఆ గొట్టం ఇప్పటికీ మా షాపు గోడకు అదే మేకుకు వేలాడుతోంది. నాన్నగారు పోయాక షాపు మాకే వచ్చింది. మా ఆయన కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల మీద మోటార్లు, నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేసే పని మీద తిరుగుతుంటారు. షాపులో కూర్చునేది నేను.

నాన్నగారి దగ్గర నుంచి వచ్చిన అలవాటు ఇంకొకటి. అజాను వినపడగానే గదిలో మెయిన్ స్విచ్ ఆపేసేవారు. మా పాత చార్జరు గుయ్యిమని ఒకటే మోత. "పిలుపు వస్తున్నప్పుడు మధ్యలో మన మోతెందుకు?" అనేవారు. నమాజు అయ్యాక స్విచ్ వేస్తే, చార్జరు ఎక్కడ ఆపిందో అక్కడ అందుకునేది. పావుగంట ఆలస్యం, అంతకుమించి నష్టం లేదు. ఆయన తరువాత నేనూ అలాగే ఆపుతూ వచ్చాను. షాపుకు వచ్చినవాళ్ళు చూసి "ఎంత నిష్ఠమ్మా నీది!" అంటే పైకి తల దించుకునేదాన్ని కానీ, లోపల నాకు బాగానే ఉండేది. ఈ సంగతి దాచి మిగతాది చెప్పినా ప్రయోజనం లేదు.

వానలు వెనకబట్టిన రోజుల్లో మా ఆయన కొత్త డిజిటల్ చార్జరు ఒకటి కొనుక్కొచ్చారు. మోత పెట్టదు. చార్జింగు ఎక్కుతున్నంతసేపు ఎర్ర లైటు, నిండితే ఆకుపచ్చ లైటు.

"ఒక్కటి గుర్తుపెట్టుకో," అన్నారు. "కరెంటు పోయి వస్తే ఇది తనంతట తాను మొదలెట్టదు. ఆకుపచ్చ లైటు వేసుకుని ఊరుకుంటుంది. మనం ఈ బొత్తాం నొక్కాలి."

"నొక్కుతానండి," అన్నాను. నొక్కాను కూడా. ఆ వారంలో కరెంటు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ, ఒకసారైతే అన్నం ముందు నుంచి లేచి మరీ, వెళ్ళి నొక్కాను. అప్పటిదాకా దాని మీద పెట్టినవన్నీ చిన్న బ్యాటరీలు. పొద్దున్న పెడితే మధ్యాహ్నంలోపే అయిపోయేవి.

ఆ తరువాతి గురువారం పొద్దున్నే ఒక వ్యాను మా గుమ్మం ముందు ఆగింది. ఒకప్పుడు బడిపిల్లల్ని తిప్పిన బండి అని దాని పసుపురంగే చెబుతోంది. కిటికీలకు మాత్రం పువ్వుల కర్టెన్లు. నడుపుకుంటూ వచ్చినాయనకు డెబ్భై దాటి ఉంటాయి. తాడేపల్లిగూడెం దగ్గర పల్లె, వరి పొలం కౌలుకిచ్చేశారట.

"దెందులూరులో టీ తాగుదామని ఆపానమ్మా. మళ్ళీ స్టార్టయితే ఒట్టు. అక్కడివాళ్ళు తోస్తే ఇక్కడిదాకా వచ్చాం," అన్నారు.

వెనక తలుపులోంచి ఆయన భార్య మెల్లగా దిగారు. "నాలుగూళ్ళు తిరగడానికని కొన్నారు. నాలుగూళ్ళవాళ్ళ చేత తోయించుకోడానికి పనికొస్తోంది," అన్నారు.

"నవ్వకమ్మా, నవ్వితే ఈవిడకి ఇంకా హుషారొస్తుంది," అన్నారాయన. నాకు నవ్వాగలేదు. అప్పటి నుంచి నాకు వాళ్ళు బాబాయిగారు, పిన్నిగారు.

వ్యాను లోపల మంచం, గ్యాసు పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, చిన్న ఫ్యాను, మోకాలెత్తు ఫ్రిజ్ ఉన్నాయి. బాబాయిగారు రెండు బ్యాటరీలు చూపించారు. "ఇది ఇంజనుది. ఇది ఇంటిది." డ్రైవరు సీటు కింద ఉన్నది ఇంజను స్టార్ట్ చేయడానికి. మంచం కింద ఉన్న పెద్దది ఇన్వర్టరుకు వాడే రకం. ఫ్యాను, లైట్లు, ఫ్రిజ్ దాని మీద నడుస్తాయి. ఒకదానికీ ఒకదానికీ సంబంధం లేదు. బండి ఎంత దూరం నడిచినా ఇంటి బ్యాటరీ నిండదు, దాన్ని బయటి చార్జరుతోనే నింపుకోవాలి. వాళ్ళింట్లో ఉన్న చార్జరేమో కాలిపోయింది. వానాకాలమంతా షెడ్డులో పెట్టి ఉంచేసరికి రెండు బ్యాటరీలూ డౌనయ్యాయి.

మా ఆయన చెరువుల మీదకు బయలుదేరేముందు రెండూ దించి పెట్టారు. ఇంజనుది పాత చార్జరు మీద, ఇంటిది కొత్తదాని మీద. బిస్మిల్లా అని క్లిప్పులు తగిలించాను. బాబాయిగారు బజారుకు వెళ్ళారు. పిన్నిగారు నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

వాళ్ళ ఇల్లు పెద్ద రోడ్డు పక్కనేనట. పెళ్ళయి వచ్చిన దగ్గర నుంచి వంటింటి కిటికీలోంచి లారీలూ బస్సులూ చూస్తూ, ఇవన్నీ ఎక్కడికి పోతున్నాయో అనుకునేవారట. తీరా పిల్లల బాధ్యతలు తీరేసరికి షుగరు. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్. ఆ మందు చల్లగా ఉండాలి కాబట్టి చుట్టాల ఇంటికైనా ఒక పూట మించి వెళ్ళేవారు కాదు. ఆ పగటికి మందు మా ఫ్రిజ్‌లో పెట్టించాను.

"ఒకరోజు ఈయనే అన్నారమ్మా. నిన్ను ఫ్రిజ్ దగ్గర నుంచి కదల్చలేం, ఫ్రిజ్జునే కదిలిద్దాం అని." ఆవిడ చీర కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "ఇదే మొదటి ప్రయాణం. ముందు కొల్లేటికోట అమ్మవారి దగ్గరికి. ఆ తరువాత ఎటన్నా అటే."

మధ్యాహ్నం అజాను వినిపించింది. లేచి మెయిన్ ఆపాను.

"కరెంటు పోయిందా అమ్మా?" అన్నారు పిన్నిగారు.

"లేదండి. నమాజుకని నేనే ఆపాను."

"మంచి పద్ధతి," అన్నారావిడ. నాకు ఎప్పటిలాగే బాగుంది.

నమాజు చేసుకుని వచ్చి స్విచ్ వేశాను. పాత చార్జరు గుయ్యిమంది. కొత్తదాని మీద ఆకుపచ్చ లైటు వెలిగింది. బొత్తాం సంగతి నా బుర్రకు తట్టనే లేదు. కరెంటు పోతే కదా నొక్కాలి! పోలేదు కదా, ఆపింది నేనే కదా! నేను స్విచ్ ఆపినా చార్జరుకు అది కరెంటు పోవడమేనని అప్పుడు తోచలేదు.

నాలుగింటికి బాబాయిగారు తొందరపెట్టారు. చీకటి పడకముందే కోట చేరాలన్నారు. నేను ఆకుపచ్చ లైటు చూసి, "నిండిందండి," అన్నాను. అంత పెద్ద బ్యాటరీ ఒక్క పగటిలో నిండదని నాన్నగారి కూతురికి తెలియాలి. కొత్త మిషను కదా, త్వరగా ఎక్కించిందేమో అనుకున్నాను. గాజుగొట్టం మేకుకు ఉంది. తీయలేదు. పొద్దుటి నుంచి నన్ను మెచ్చుకుంటున్న మనిషి ముందు మళ్ళీ మూతలు తీసి చూడటం, నన్ను నేను అనుమానించుకున్నట్టు ఉంటుందనిపించింది.

"ఫ్యాను వేసుకోవచ్చా అమ్మా? ఏమవదు కదా?" అని అడిగారు పిన్నిగారు, బండి ఎక్కుతూ.

"నిక్షేపంగా వేసుకోండి పిన్నిగారూ. దేవుడి దయవల్ల మా దగ్గర పెట్టిన చార్జింగు మూడు రోజులు కదలదు," అన్నాను.

నేను చూడని నీళ్ళకు దేవుణ్ణి పూచీ పెట్టాను.

మర్నాడు శుక్రవారం. పాత చార్జరుకు పని లేదు. కొత్తదాని మీద ఎవరిదో ఇన్వర్టరు బ్యాటరీ ఉంది. అజానుకు ఆపి, నమాజు తరువాత స్విచ్ వేసి కూర్చున్నాను. పాతదాని మోత లేకపోవడంతో గది నిశ్శబ్దంగా ఉంది. మరీ నిశ్శబ్దంగా ఉంది. కొత్త చార్జరు వెనక చిన్న ఫ్యాను ఉంటుంది, దగ్గరికి వెళ్తే దాని గాలి చేతికి తగులుతుంది. చెయ్యి పెట్టి చూశాను. గాలి లేదు. ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. బొత్తాం నొక్కాను. లైటు ఎర్రగా మారింది, ఫ్యాను తిరిగింది.

నిన్న పిన్నిగారి బ్యాటరీకి ఈ బొత్తాం నొక్కలేదని అప్పుడు గుర్తొచ్చింది.

బాబాయిగారి ఫోను నంబరు ఎదురుగా గోడ మీద ఉంది. ముందురోజు సుద్దతో నేనే రాశాను. ఫోను నా పక్కనే ఉంది. చేసి, "ఇంటి బ్యాటరీ సగం కూడా నిండలేదండి, నాదే పొరపాటు, ఫ్రిజ్ ఒక్కటే నడుపుకుని రేపు వచ్చేయండి," అంటే చాలనిపించింది. ఒక్క నిమిషం మాట. చేయలేదు. పొదుపుగా వాడుకుంటారులే అనుకున్నాను. చెబితే అజాను సంగతి చెప్పాలి, నమాజు కోసం ఆపితే ఇలా అయిందంటే పిలుపు మీద నింద పడుతుంది, అదెందుకు అనుకున్నాను. ఇది నాకు చాలా గొప్ప కారణంలా తోచింది. నింద పడేది నా మీద, నా షాపు మీద. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

సాయంత్రం తడిగుడ్డ తీసుకుని గోడ తుడిచాను. నెలకోసారి తుడిచే గోడే. ఆ సాయంత్రమే తుడవాలని ఎందుకనిపించిందో చెప్పనక్కర్లేదు.

శనివారం పొద్దున్న పదకొండు దాటాక ఆ పసుపు వ్యాను మళ్ళీ వచ్చింది. ఆ రోజు మా ఆయన షాపులోనే ఉన్నారు.

"ఇంజను భేషుగ్గా ఉందండి," అన్నారు బాబాయిగారు ఆయనతో. "ఇల్లే చచ్చింది. కోటలో మొదటి రాత్రి తెల్లారేసరికి ఫ్యాను లేదు, ఫ్రిజ్ లేదు. ఈవిడ మందు వేడెక్కిపోతే పారబోసి, కైకలూరు వెళ్ళి కొత్తది కొని ఐసు డబ్బాలో పెట్టుకొచ్చాను. ఎందుకూ? ఈవిడగారు రాత్రంతా ఫ్యాను వేసుకుని పడుకుంది కాబట్టి."

"ఒక్క గంటేనండీ వేశాను," అన్నారు పిన్నిగారు.

"గంటట! గంటకే పడిపోతుందా అంత బ్యాటరీ? ఏమ్మా, ఫుల్లుగా పెట్టే కదా ఇచ్చావు?"

ముగ్గురూ నావైపు తిరిగారు.

"మా ఆవిడ పెట్టిందంటే తిరుగుండదండి," అన్నారు మా ఆయన.

"ఆకుపచ్చ లైటు వచ్చాకే తీశానండి," అన్నాను నేను.

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అలా చూసి చూసి ఏరుకున్నాను మాటలు.

"విన్నావా?" అన్నారు బాబాయిగారు భార్యతో. "ఇక చాలు ఈ ఊరేగింపులు. గూడెం చేరగానే బండి అమ్మేస్తాను. టిఫిను బండి పెట్టుకుంటామని అడిగినవాళ్ళున్నారు. నీకు నీ వంటింటి కిటికీయే నయం. ఫ్యాను కావలసినంతసేపు వేసుకోవచ్చు."

పిన్నిగారు చేతిలోని సంచి సర్దుకున్నారు. గురువారం ఆ నోట్లోంచి వచ్చిన పరాచికాలు ఒక్కటీ లేవు. మా ఆయన, బాబాయిగారు పెద్ద బ్యాటరీని దించి కొత్త చార్జరు మీద పెట్టి, బయట అరుగు మీద కూర్చున్నారు. ఆవిడ లోపలికి వచ్చి, సంచిలోంచి రెండు అరటిపండ్లు, ఆకుపచ్చ గాజులు తీసి నా చేతిలో పెట్టారు.

"కోటలో అమ్మవారికి పూజ చేయించానమ్మా. నీ గోత్రనామాలు నాకేం తెలుసు, 'ఏలూరులో బ్యాటరీ అమ్మాయి చల్లగా ఉండాలి' అని చెప్పాను. ప్రసాదం మీవాళ్ళు తింటారో తినరో, అరటిపండే కదా."

"తింటాం పిన్నిగారూ," అన్నాను.

ఆవిడ అదే స్టూలు మీద కూర్చున్నారు. కాసేపటికి తనలో తాను అనుకుంటున్నట్టు, "గంటే అనుకున్నాను," అన్నారు. "లేచి ఆపినట్టే గుర్తు. ఆపలేదేమో. నిద్రమత్తులో ఎవరికి తెలుసు? ఈ మధ్య పొయ్యి మీద పాలు కూడా మర్చిపోతున్నాను. ఇంక నన్ను నేనే నమ్మలేనేమో తల్లీ. ఆయన అన్నదే నయం, బండి అమ్మేస్తేనే మంచిది."

మొగుడు తిట్టినందుకు ఆవిడ బాధపడుతుంటే నేను ఇంకొంతసేపు ఊరుకుని ఉండేదాన్నే. నా గురించి నాకు ఆ మాత్రం తెలుసు. కానీ ఆవిడ తను లేచి ఫ్యాను ఆపిన సంగతిని తనే కాదనుకుంటున్నారు. పెళ్ళయిన నాటి నుంచి కోరుకున్న దాన్ని, తన బుర్ర మంచిది కాదని వదిలేసుకుంటున్నారు. నేను గాజులు చేతిలో పట్టుకుని వింటున్నాను.

అప్పుడు అజాను మొదలైంది. లేచి మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేశాను. ఆపి, నమాజు చేసుకుని, వేసి, ఈసారి బొత్తాం నొక్కితే బ్యాటరీ నిండుతుంది, వాళ్ళు వెళ్ళిపోతారు. ఎవరికీ ఏమీ తెలియదు.

"ఆపవా అమ్మా? పిలుపొచ్చింది," అన్నారు పిన్నిగారు గుర్తు చేస్తున్నట్టు.

చెయ్యి తీసేశాను. "పిన్నిగారూ, మీరు గంటే వేశారు," అన్నాను. "బ్యాటరీ నేను నింపలేదు." స్విచ్ సంగతి, బొత్తాం సంగతి, గొట్టంతో నీళ్ళు చూడని సంగతి, శుక్రవారమే తెలిసిన సంగతి చెప్పాను. అజాను సాగుతోంది, చార్జరు ఫ్యాను తిరుగుతోంది.

ఆవిడ చివరిదాకా విన్నారు. "నాతో చెబితే ఏం లాభం?" అన్నారు. "ఆయనతో చెప్పు."

అరుగు మీదకు వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. మసీదుకు బయలుదేరుతున్న మా ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టి అలాగే నిలబడి విన్నారు. 'బొత్తాం నొక్కమని చెప్పాను కదా' అంటారనుకున్నాను. అనలేదు. బాబాయిగారికి నమస్కారం పెట్టి, "తప్పు మాదేనండి," అని వెళ్ళిపోయారు. ఆ 'మాదే' నాకు బాగా తగిలింది.

బాబాయిగారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని లోపలికి వచ్చారు. చార్జరు మీదకు వంగారు.

"ఇదేనా బొత్తాం?"

"అదేనండి."

"ఇంత లేదు!" అని కాసేపు దాన్నే చూశారు. తల ఎత్తకుండానే, "అయితే గంటే అన్నమాట," అన్నారు.

"మూడుసార్లు చెప్పాను," అన్నారు పిన్నిగారు.

"చెప్పావులేవే."

"చెప్పావులే కాదు. గుళ్ళో పూజారిగారి ముందు కూడా అన్నారు మీరు. ఈవిడకి మతి లేదండీ అని."

బాబాయిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచారు. "బండి అమ్మనులే," అన్నారు చివరికి.

"మీరు అమ్మినా నేను దిగను," అన్నారావిడ. గురువారం నాటి గొంతు కొంచెం తిరిగి వచ్చింది. తరువాత నావైపు తిరిగారు. "పొద్దుట ఆయన నన్నంటుంటే నువ్విక్కడే ఉన్నావు కదమ్మా?"

"ఉన్నానండి."

"మా ఫోను నంబరు రాసుకున్నావు కదా?"

"రాసుకున్నానండి. చేయలేదు."

గోడ తుడిచిన సంగతి మాత్రం చెప్పలేకపోయాను. ఎవరికైనా చెప్పడం ఇదే మొదటిసారి.

ఆవిడ తిట్టలేదు. పండ్లు, గాజులు వెనక్కి తీసుకుంటే తేలిగ్గా ఉండేది, తీసుకోలేదు. ఆ రాత్రి బ్యాటరీ చార్జరు మీదే ఉంచాలని చెబితే, వ్యాను మా గుమ్మం ముందే పెట్టుకుని పడుకున్నారు. నేను వండిన అన్నం తిన్నారు. మందు మా ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. ఆదివారం పొద్దున్న గాజుగొట్టం తీసి, ఆరు మూతలూ విప్పి, ఒక్కొక్కదానిలో నీళ్ళు పీల్చి బుడ్డి ఎంత పైకి తేలుతోందో పిన్నిగారికి చూపించాను. ఆరూ ఓపికగా వంగి చూశారు.

ఇప్పుడు అజానుకు నేను స్విచ్ ఆపడం లేదు. చార్జరు పని చార్జరు చేసుకుంటుంది, నేను వెళ్ళి నమాజు చేసుకుంటాను. నాన్నగారు ఉంటే ఏమనేవారో తెలియదు. దానికన్నా ముందు గొట్టం సంగతి అడిగేవారేమో.

మొన్న చలికాలంలో ఆ వ్యాను మళ్ళీ వచ్చింది. చూడగానే సంతోషంతో బయటికి పరుగెత్తాను. ఏలూరులో ఇన్ని షాపులుండగా మళ్ళీ మా దగ్గరికే వచ్చినందుకు దేవుడికి ఎన్నిసార్లు కృతజ్ఞత చెప్పుకున్నానో. బాబాయిగారు దిగారు. ఈసారి నెల్లాళ్ళ ప్రయాణమట, ఇంటి బ్యాటరీ నింపాలన్నారు. పిన్నిగారు దిగలేదు. లోపల మంచం మీద కూర్చుని, పువ్వుల కర్టెను తీసి కిటికీలోంచి చూస్తున్నారు.

"లోపలికి రండి పిన్నిగారూ, టీ పెడతాను," అన్నాను.

"పరవాలేదండి. ఇక్కడ బాగానే ఉంది," అన్నారు.

నన్ను ఆవిడ ఎప్పుడూ 'అండి' అనలేదు.

మర్నాడు పొద్దున్న బ్యాటరీ నిండాక, గొట్టంలో నీళ్ళు పీల్చి, ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. అడగకముందే ఆవిడ కళ్ళజోడు పెట్టుకున్నారు. బుడ్డి పైన తేలుతోంది. తీరిగ్గా చూసి, తల ఊపి, "ఇంకా అయిదున్నాయి కదండీ," అన్నారు.

"తెస్తానండి," అని వెనక్కి వెళ్ళాను.